విడాకుల వేళ ఇంటి విక్రయము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఈ రెండింటియందును చేతి సొమ్మెట్లు కరగునో, ఎన్ని చిక్కులు పుట్టునో ఎఱిగినవారి మాట యది. కాని కట్టిన యింటిని అమ్ముకొనుటయు, చేసికొన్న పెండ్లిని విడదీసికొనుటయు నొక్క కాలముననే సంభవించిన ఇల్లాలు ఏమి చేయవలెనో వారు చెప్పలేదు. 1955 సంవత్సరపు హిందూ వివాహ చట్టము దేశమంతట విడాకులకు దారి యేర్పఱచెను. 1976లో జరిగిన సవరణ, ఆలుమగలిరువురును సమ్మతించి కలిసి కోరుకొను మార్గమును గూడ చేర్చెను. నేడు పట్టణములలోనే గాక చిన్న యూళ్లలో సైతము ఈ మార్గమున నడచిన కుటుంబములు గలవు. విడాకులు మంచివా చెడ్డవా యను చర్చను మేమిచ్చట నెత్తుకొనము. ఆ చర్చ ముగిసి, నిశ్చయము జరిగిపోయిన యింటిలో మిగిలియుండు ప్రశ్న యొక్కదానినే ఈ మాసము విచారింతము. ఇరువురు కలిసి కాపురముండిన యిల్లు రొక్కముగా మాఱునప్పుడు ఇల్లాలి పాలు ఆమె చేతికెట్లు చేరును?

మొదట నొక భ్రమను తొలగింపవలసియున్నది. విడాకులైనచో భర్త యాస్తిలో సగము భార్యకు వచ్చునని మన స్త్రీలలో ననేకులు నమ్ముచున్నారు. మన దేశమున నట్టి సాధారణ నియమము లేదు. గోవాలో మాత్రము పోర్చుగీసువారి నాటి సివిలు స్మృతి ననుసరించి, వేఱు ఒడంబడిక లేనిచో ఆలుమగల యాస్తి యుమ్మడి యగును. తెలుగునాట నట్లు కాదు. ఇల్లు ఎవరి పేర దస్తావేజయియున్నదో వారిదే. హిందూ వివాహ చట్టములోని 27వ సెక్షను పెండ్లి సమయమున ఇరువురికిని కలిపి వచ్చిన కానుకలను గూర్చి చెప్పుచున్నది గాని, తరువాత కొన్న యింటిని సగము చేసి పంచుమని చెప్పుట లేదు. భరణము నిర్ణయించునప్పుడు భర్త యాస్తిని న్యాయస్థానము లెక్కలోనికి తీసికొనునన్న మాట నిజమే. అయినను భరణము పొందుట వేఱు, ఇంటికి హక్కుదారు అగుట వేఱు.

కావున ఇల్లాలు మొట్టమొదట చేయవలసిన పని తన యింటి దస్తావేజును తాను చదువుట. పెట్టెలో నున్నదని వినియుండుట చాలదు. అది యెవరి పేర నున్నది? ఇరువురి పేరను ఉన్నచో వాటాలు వ్రాసియున్నవా? వ్రాయనిచో, ఎవరెంత సొమ్ము పెట్టిరో రుజువు దొరకినంతవఱకు ఆ లెక్కను బట్టియు, రుజువు లేనిచో సరిసమానముగాను వాటాలు గలవని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము భావించును. భార్య జీతమునుండియో, పుట్టింటి సొమ్మునుండియో చెల్లిన వాయిదాలకు బ్యాంకు కాగితములుండిన, వానిని భద్రపఱచుకొనవలెను. ఇరువురి పేర నున్న యిల్లు ఆమె సంతకము లేక పూర్తిగా నమ్ముడుపోదు. భర్త తన వాటాను మాత్రమే యమ్మగలడు. బిడ్డల పేర వాటా యున్నచో, మైనరు బిడ్డ స్థిరాస్తిని తండ్రియైనను తల్లియైనను న్యాయస్థానపు అనుమతి లేక యమ్మరాదని 1956 సంవత్సరపు మైనారిటీ, సంరక్షకత్వ చట్టము శాసించుచున్నది. ఈ వివాహ, సంరక్షకత్వ చట్టములు హిందూ కుటుంబములకు సంబంధించినవి. ముస్లిము, క్రైస్తవ సోదరీమణులకు విడాకుల విధులు వేఱు. కాని దస్తావేజులను, రొక్కమును, పన్నును గూర్చి యిచ్చట చెప్పునవి అందఱికిని పనికివచ్చును.

ఇక రొక్కము మాట. మన ప్రాంతములలో ఇంటి బేరము రెండు ధరలతో సాగు దురాచారమొకటి గలదు. చేతులు మాఱు ధర యొకటి, దస్తావేజులో వ్రాయు ధర యొకటి. రిజిస్ట్రేషను శాఖ ఆ వీథికి కట్టిన విలువ యెంతయో అంత మాత్రమే కాగితముపై చూపి, తక్కినది సంచిలో పెట్టి యిత్తురు. తెలుపు, నలుపు అని దీనికి పేర్లు. కాపురము సవ్యముగా నున్న యింటిలో నా సంచి బీరువాలోనికి పోవును గనుక ఇల్లాలికి దాని కీడు తోచదు. కాపురము రెండుగా చీలు వేళ మాత్రము సంచి యెవరి చేతికి పోయినదో వారిదే యగును.

ఒక లెక్క వేసి చూతము. ఆలుమగలిరువురి పేరను సమానముగా నున్న యిల్లు 80 లక్షల రూపాయలకు కుదిరినదనుకొందము. దస్తావేజులో 50 లక్షలు వ్రాసిరి. 30 లక్షలు రొక్కముగా భర్త చేతికిచ్చిరి. బ్యాంకునకు తీర్పవలసిన యప్పు 20 లక్షలు. కాగితపు లెక్క ప్రకారము 50లో 20 పోగా మిగిలినది 30. దానిలో సగము 15 లక్షలు ఇల్లాలి ఖాతాకు వచ్చెను. చూచువారికి పంపకము ధర్మముగానే జరిగినట్లుండును. కాని యథార్థపు లెక్కలో 80లో 20 పోగా మిగులవలసినది 60, ఆమె పాలు 30 లక్షలు. సగమునకు సగము మాయమైపోయెను. న్యాయస్థానమున నామె యేమని మొఱపెట్టగలదు? దస్తావేజులో 50 లక్షలని వ్రాసి యుండగా దానిపై తానే సంతకము చేసియున్నది. తక్కిన 30 లక్షలకు రసీదు లేదు, సాక్షి లేడు. కొన్నవాడు తానిచ్చితినని చెప్పిన తన మెడకే చుట్టుకొనును గనుక నోరు విప్పడు. భరణమును, బిడ్డల పోషణమును నిర్ణయించునప్పుడు సైతము భర్తకు చేరిన యీ సొమ్ము ఎక్కడను కనబడదు.

ఇట్లు చేయుటకు చెప్పు కారణము పన్ను. పన్ను తగ్గిన నిద్దఱికిని లాభమే కదా యని మధ్యవర్తులు నచ్చజెప్పుదురు. దీనిని గూడ లెక్క కట్టవలెను. పై యిల్లు చాల యేండ్ల క్రిందట 30 లక్షలకు కొన్నదనుకొందము. రెండేండ్లకు మించి యుంచుకొని యమ్మిన యింటి లాభముపై, 2024 జూలై 23వ తేది మొదలు పన్ను నూటికి పండ్రెండున్నర. ఆ తేదికి ముందు కొన్న యిల్లయినచో, ధరల పెరుగుదలను తీసివేసి నూటికి ఇరువది చొప్పున కట్టు పాతపద్ధతి తేలికయైనప్పుడు ఆ మేరకు పన్ను తగ్గించుకొను వీలును గలదు. నిజమైన ధర చూపినచో ఇల్లాలి వాటా లాభము 25 లక్షలు, పన్ను 3,12,500 రూపాయలు. తక్కువ ధర చూపినచో లాభము 10 లక్షలు, పన్ను 1,25,000. పైపన్నును కలిపినను తేడా రెండు లక్షలకు లోపే. ఈ రెండు లక్షలను మిగిల్చుకొనుటకై ఆమె పదునైదు లక్షలు పోగొట్టుకొనుచున్నది. అంతే గాక, అమ్మిన పిదప రెండేండ్లలోపల వేఱొక యిల్లు కొన్నను, మూడేండ్లలోపల కట్టుకొన్నను, దానిలో పెట్టినంత లాభముపై పన్ను మినహాయింపు గలదు. చిన్న యిల్లొకటి కొని బిడ్డలతో తలదాచుకొనదలచిన స్త్రీకి పన్ను భయమే యుండకపోవచ్చును. ఆమె కొఱకని చెప్పిన యీ యుపాయము ఆమెకు పనికివచ్చునది కాదు.

చట్టము మాట చూచినను రొక్కపు బేరము ప్రమాదమే. స్థిరాస్తి విక్రయమున 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని రొక్కముగా పుచ్చుకొనరాదని 2015 జూను 1వ తేదినుండి నిషేధము గలదు. సంచకరువు, బయానా అని యే పేరు పెట్టినను నిషేధము నిషేధమే. పుచ్చుకొన్నవారిపై పుచ్చుకొన్నంత మొత్తమును జరిమానా వేయవచ్చును. విక్రయపు ధర 50 లక్షలు, అంతకు మించియున్నచో కొనువాడు నూటికి ఒక రూపాయి పన్నుగా పట్టి, అమ్మినవారి పాను సంఖ్యల మీద ప్రభుత్వమునకు జమకట్టవలెను. ఇరువురు హక్కుదారులున్నచో ఇల్లాలి భాగము ఇల్లాలి సంఖ్యపైననే జమ కావలెను. రొక్కములో తనకును కొంత భాగము దొరకినను ఆమెకు సుఖము లేదు. దానిని బ్యాంకులో వేయలేదు, ఇల్లు కొనునప్పుడు చూపలేదు, దొంగభయముతో పుట్టింటి యటుకపై దాచుకొనవలసినదే.

స్త్రీధనమును గూర్చి మన ధర్మశాస్త్రములు చేసిన విచారము ఇచ్చట స్మరింపదగినది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరయే మన ప్రాంతపు హిందూ న్యాయమునకు చిరకాలము ఆధారమైయుండెను. పదుమూడవ శతాబ్దిలోనే మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. భార్య సొమ్మును భర్త ముట్టి, తిరిగి యీయకుండుటకు స్మృతి యొప్పుకొన్న సందర్భములు నాలుగే. కఱవు, ధర్మకార్యము, రోగము, నిర్బంధము. కాపురము విడిపోవు వేళ ఇంటి ధరను దాచుకొనుట ఆ నాలుగింటిలో లేదు. మన కాలమున 1956 సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము స్త్రీ యాస్తిని ఆమెకు సంపూర్ణముగా నిచ్చెను. స్త్రీధనము భర్త యధీనమున నున్నను భార్యదేయని 1985లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అయినను మన యిండ్లలో పెండ్లినాటి గాజులు, వడ్డాణము కరగి ఇంటి పునాదిలో కలిసిన కథలెన్నియో గలవు. గాజులు ఆమెవి, దస్తావేజు ఆయనది. అట్టి యింట నగలమ్మిన యంగడి రసీదు, ఆ సొమ్ము ఖాతాలో పడిన చీటి దొరకునేమో వెదకి చూడవలెను. వానివలన ఇంటి హక్కు రాకపోవచ్చును గాని, సమ్మతి విడాకుల యొడంబడిక వ్రాయునప్పుడు ఆమె మాటకు బలము గలుగును.

భర్త పేర మాత్రమే యిల్లున్న స్త్రీ నిరుపాయురాలు కాదు. 2005 సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము, ఎవరి పేర నున్నను, కాపురముండిన యింటిలో నివసించు హక్కును భార్యకిచ్చినది. అత్తమామల పేర నున్న యిల్లును దీని క్రిందికి రావచ్చునని 2020లో సుప్రీముకోర్టు తెలిపెను. భార్యకు హక్కో, వాడుకొను నధికారమో గల యాస్తిని అన్యులపాలు చేయుటను ఈ చట్టము ఆర్థిక హింసలో చేర్చినది. హింస జరిగినదని తోచినచో, ఇల్లమ్మరాదని, తాకట్టు పెట్టరాదని మేజిస్ట్రేటు ఉత్తరువీయగలడు. ఇది నివాసపు హక్కే గాని యాజమాన్యము కాదు. ఐనను ఆ యుత్తరువున్నంతకాలము గుట్టుచప్పుడు కాకుండ బేరము సాగదు. విడాకుల దావా వేసినంత మాత్రమున ఇంటి యమ్మకము తనంతట నాగదని గూడ తెలిసికొనవలెను. ఇంటిపై హక్కే వ్యాజ్యవిషయమైనప్పుడు మాత్రమే, వ్యాజ్యము నడుచుచుండగా కొన్నవాడు తీర్పునకు బద్ధుడగును.

జూదమున నలుడు ఒక్కొక్కటిగా నోడిపోవుచుండగా దమయంతి కన్నీరు కార్చుచు కూర్చుండలేదు. రథముండగానే సారథియైన వార్ష్ణేయుని పిలిపించి, బిడ్డలిద్దఱిని కుండినపురమునకు పంపివేసెను. మఱునాడు పంపుదమనుకొన్నచో రథమును గూడ పందెమున పోయియుండెడిది. భర్తపై ప్రేమ యుండియు నామె చేసిన పని యది. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని లాభము లేదు. ఉత్తరువు కోరుటయైనను, కాగితములకు నకళ్లు తీసికొనుటయైనను ఇల్లు చేతిలో నుండగానే జరుగవలెను.

జి.పి.ఏ. అను కాగితమును గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింతుము. నీవు కచ్చేరి చుట్టు తిరుగనేల, నీ తరపున మా తమ్ముడు సంతకము చేయును, అధికారపత్రము వ్రాసి యిమ్మని మర్యాదగా నడుగుదురు. అట్టి పత్రముతో విక్రయము చేసినంత మాత్రమున కొనువానికి హక్కు రాదని 2011లో సుప్రీముకోర్టు చెప్పిన మాట నిజమే. కాని ఆ పత్రము పట్టుకొన్నవాడు ఆమె పేర విక్రయ దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయింపగలడు, సొమ్ము పుచ్చుకొనగలడు. విడిపోవుచున్న భర్తకు గాని, అతని వారికి గాని ఈ యధికారమీయరాదు. దూరదేశముననున్న స్త్రీకి తప్పనిసరియైనచో పుట్టింటివారికే యిచ్చి, ధర యింతకు తగ్గరాదని, సొమ్ము తన ఖాతాకే రావలెనని అందు స్పష్టముగా వ్రాయింపవలెను.

ఇల్లమ్ముటయే సరియని యిరువురును నిశ్చయించుకొన్నచో జరుగవలసిన క్రమమిది. ముందుగా నిల్లు ఎంత పలుకునో ఒకరి మాటపై గాక, ఇద్దఱు ముగ్గురి వలన తెలిసికొనవలెను. రిజిస్ట్రేషను శాఖనుండి ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసి, తెలియని తాకట్టు లేవియు లేవని చూచుకొనవలెను. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను దీనిని ఇంటనుండియే కంప్యూటరుపై చూడవచ్చును. తరువాత బ్యాంకు అప్పెంత మిగిలినదో లిఖితముగా తెప్పించుకొనవలెను. ఇరువురును సంతకము చేసిన యప్పునకు విడాకుల తరువాతను ఇరువురును బాధ్యులే. ఇకమీద నేనే కట్టుకొందునని భర్త చెప్పిన మాట బ్యాంకునకు పట్టదు. అప్పు తీరిన ముప్పది దినములలో అసలు దస్తావేజులు బ్యాంకు తిరిగి యీయవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆజ్ఞాపించినది.

పిమ్మట ధర యెంత, అప్పు పోగా ఎవరి పాలెంత, ఎప్పుడు ఏ ఖాతాకు చేరవలెను, ఇల్లెప్పుడు ఖాళీ చేయవలెను అను నంశములన్నియు సమ్మతి విడాకుల దరఖాస్తులోని యొడంబడికలో చేర్పింపవలెను. నోటిమాట నీటిమూట. మొదటి దరఖాస్తునకును, రెండవమాఱు న్యాయస్థానమున సమ్మతి తెలుపుటకును నడుమ చట్టము ఆఱు మాసముల గడువు పెట్టినది. తగిన సందర్భమున దానిని మాన్పవచ్చునని 2017లో సుప్రీముకోర్టు చెప్పెను. ఈ నడిమి కాలముననే ఇంటి బేరములు తఱచుగా జరుగును. తుది డిక్రీ వచ్చువఱకు ఎవరైనను తమ సమ్మతిని మరల్చుకొనవచ్చును గనుక, రెండవమాఱు సమ్మతి తెలుపుటకు పూర్వమే ఇల్లాలి పాలు ఆమె ఖాతాకు చేరియుండుట క్షేమము. కొనువాడు రెండు డిమాండు డ్రాఫ్టులు తేవలెను, ఒకటి ఆమె పేర, ఒకటి ఆయన పేర. ఆ డ్రాఫ్టు సంఖ్యలు దస్తావేజులో వ్రాయబడవలెను. తన డ్రాఫ్టు చేత పట్టుకొన్న తరువాతనే సబ్‌రిజిస్ట్రారు నెదుట సంతకము చేయవలెను. ఆ ఖాతా ఆమె యొక్కతె పేరనే యుండవలెను.

అమ్మకమొక్కటే దారి కాదని గూడ చెప్పవలసియున్నది. ఒకరి వాటాను రెండవవారు కొని, హక్కువిడుదల దస్తావేజు రిజిస్టరు చేయించుకొనవచ్చును. బిడ్డల బడి దగ్గఱనుండి, నెల వాయిదా కట్టు శక్తి గల స్త్రీకి ఇదియే మేలు. ఆ శక్తి లేని స్త్రీ ఇంటిపై మమకారముతో నప్పును నెత్తిన పెట్టుకొనుటకంటె, అమ్మి తన పాలు పుచ్చుకొనుటయే మేలు. నాటిన జామచెట్టును, అరుగును విడిచిపోవుట కష్టమే. కాని ఆ కష్టము వలన నీరసించి, ఏదో యొక ధరకు తెగనమ్మి బయటపడిన చాలునని సంతకము చేయుట తగదు. తొందరపెట్టువారు తఱచుగా ఆ తొందరవలన లాభము గలవారే. కాగితము ఇంటికి తెచ్చుకొని, రెండు దినములు చదివి, తెలిసినవారికి చూపి సంతకము చేయుదునని చెప్పుట ఎంతమాత్రమును అమర్యాద కాదు.

న్యాయవాదికి ఫీజు ఇచ్చుకొనలేని వారు వెనుకాడనక్కఱలేదు. 1987 సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము, ఆదాయమెంత యున్నను, స్త్రీకి ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ప్రతి యింటి చిక్కును వేఱువేఱుగా నుండును గనుక, మేము వ్రాసిన యీ నాలుగు మాటలతో సరిపెట్టుకొనక, కాగితములతో సహా న్యాయవాదిని కలిసికొనవలెను.

విడాకుల యూహయే లేని సోదరీమణులు ఇది తమకు సంబంధింపని విషయమని పుట త్రిప్పివేయకుందురుగాక. ఈ వారములో నొక మధ్యాహ్నము తీరిక చేసికొని, ఇంటి దస్తావేజును బయటికి తీసి, అందలి పేర్లను, హద్దులను, అప్పును చదివి, ఒక నకలు తీసి తమ కాగితములతో నుంచుకొందురుగాక. పెండ్లికెదిగిన కుమార్తె యున్నచో ఆమెను గూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివినచో మఱింత మంచిది.